పూసల కమ్మలు, గురిగింజలు, పాలపిట్ట ఈకలు: అపోహలు - వాస్తవాలు

హనుమకొండల ఇంట్లనే పూసల నగలు అల్లి అమ్ముతున్న. పాలపిట్ట, తంగేడు పువ్వు, బతుకమ్మ, చేర్యాల బొమ్మల రంగులు, నా డిజైన్లన్ని దాదాపు ఇవే. స్టాల్ పెట్టినా, ఫోన్ల మెసేజ్ పెట్టినా అందరు అవే ప్రశ్నలు అడుగుతున్నరు, అందుకే అన్ని ఒక్కకాడ రాసి పెడ్తున్న, ఇంగ ఎవరు అడిగినా ఇదే పంపిస్త. చానామంది నేచురల్ అన్నా, జానపదం అన్నా, హ్యాండ్‌మేడ్ అన్నా ఆ మాట వినంగనే ఏం చూడకుండ నమ్మేస్తరు, లేకపోతే గిదేం పని అని తీసిపారేస్తరు. ఆ పేర్లు పక్కన పెట్టి పూస దేంతోని చేసింది, బెజ్జం ఎట్లుంది, దారం ఏంది అని అడగుండ్రి, సగం మోసాలు ఆడనే బయటపడ్తయి.

అపోహ: పూసలు గుచ్చుడే కదా, గంటల అయిపోతది, దీనికి గింత రేటా?

గుచ్చుడు వేరు, అల్లిక వేరు. దారానికి పూసలెక్కించి ముడేస్తే దండ, అది గంటల అయితది, నేనూ ఒప్పుకుంట. అల్లికల ఒక్కో పూసను సూదితోని ఎత్తి, పక్క పూస బెజ్జంలకెళ్లి మళ్ల దారం తీసుకరావాలె. నేను ఎక్కువ వాడేది 11/0 సైజు డెలికా పూస, జపాన్‌ది, వెడల్పు 1.6 మిల్లీమీటర్లు, గ్రాముకు దగ్గర దగ్గర 200 పూసలొస్తయి. ఈ సైజుల లెక్క ఉల్టా ఉంటది, నంబర్ పెరిగినకొద్ది పూస సన్నగైతది, 8/0 పెద్దది, 15/0 ఆవగింజంత, కొత్తగ నేర్చుకునేటోళ్లు 15 అంటే పెద్దదనుకోని తెప్పించుకుంటరు. చదరపు అంగుళం పెయోట్ అల్లికకు (ఇటుకల వరుస లెక్క పూసలు పేర్చే అల్లిక) మూడొందల పైనే పూసలు పడ్తయి. పూసల ధర కంటే ఆ మూడొందల సార్లు సూది తీసుడుకే రేటు.

బతుకమ్మ బుట్ట కమ్మల సంగతి చెప్త, అందరు ఇష్టపడేది అదే గనుక. నడిమిట్ల మూడు పూసలు గుండ్రంగ కట్టి, చుట్టు చుట్టుకు పూసలు పెంచుకుంట పోతే అల్లిక బిళ్ల తీరు చదునుగ వస్తది. పెంచుడు తగ్గిస్తే అంచు కిందికి వంగుడు మొదలుపెడ్తది. మామూలు లాకెట్ చేసేటోళ్లకు ఆ వంగుడు తప్పు, నాకు అదే కావాలె, ఎందుకంటే బతుకమ్మ పైన సన్నం, కింద వెడల్పు. కాబట్టి ఒక చుట్టు పెంచి, రెండు చుట్లు పెంచకుండ అల్లి, మళ్ల పెంచి అట్ల దిగుత. పైన గౌరమ్మకు పసుపు పూస, దాని కింద గునుగు పువ్వుకు తెలుపూ లేత గులాబీ కలిపి, తర్వాత తంగేడు పసుపు, చుట్టుకో పువ్వు. ఒక్క చుట్టుల లెక్క తప్పినా రెండు బుట్టలు రెండు తీర్లయితయి, అప్పుడు కత్తెరేసి మొత్తం విప్పుడే, వేరే దారి లేదు.

పాలపిట్ట కమ్మలైతే ఇంకో కథ. పాలపిట్ట కూసున్నప్పుడు చూస్తే మట్టి రంగుల, ఛాతి మీద జర గులాబీ మెరుపుతోని ఉంటది, పెద్దగ ఏం కనిపియ్యది. రెక్క ఇప్పిందంటే అప్పుడు నీలం, ముదురుది ఒక పట్టీ, లేతది ఒక పట్టీ. నేను మొదట్ల అందరి తీరే మొత్తం నీలం పూసలతోనే అల్లేది, ఇప్పుడు పైన ఒళ్లంత గోధుమ రంగు పెట్టి, నీలం మొత్తం కింది కుచ్చులకు ఇస్తున్న. తల తిప్పినప్పుడు కుచ్చులు విడివడి నీలం బయటపడ్తది. కుచ్చు అల్లేటప్పుడు దారం కిందిదాక దించి, చివరి పూసను వదిలేసి, పైకి మళ్ల అవే పూసలల్లకెళ్లి ఎక్కియ్యాలె. గట్టిగ గుంజితే కుచ్చు పుల్ల లెక్క నిలబడ్తది, వదులైతే నడుమ దారం కనిపిస్తది. ఆ పట్టు చేతికి రావాలె, చెప్తే వచ్చేది కాదు.

అపోహ: చెట్టు గింజలు నేచురల్, చంటి పిల్లలకు వేసినా ఏం గాదు

ఇది ఒక్కటి మాత్రం నిమ్మళంగ చదవుండ్రి. గురిగింజ అందరికీ ఎరుకే, ఎర్రగ ఉండి ఒక దిక్కు నల్లబొట్టు. కంసాలోళ్లు బంగారం తూచిన గింజ, గురివింద తన కింది నలుపు ఎరగదు అని సామెత గూడ ఉంది. చూస్తే రంగు వేసినట్టే ఉంటది గనుక ఫోక్ జువెలరీ అని బ్రేస్‌లెట్లల్ల, దండలల్ల గుచ్చి అమ్ముతున్నరు. ఆ గింజల అబ్రిన్ అనే విషం ఉంది, బహుకొంచెం చాలు ప్రాణం మీదికి వస్తది, విరుగుడు మందు లేదు. పెంకు గట్టిది గాబట్టి గింజ మొత్తంగ మింగితే చానాసార్లు అట్లనే బయటికి పోతది. కానీ నగ కోసం బెజ్జం పెట్టినమంటే ఆ పెంకును మనమే పలగ్గొట్టినట్టు గదా. ఇంగ దాన్ని పిల్ల నోట్ల పెట్టుకోని నమిలితే ఏంది? డ్రిల్ పెట్టేటప్పుడు లేసే పొడి చేసేటోళ్లకు గూడ ప్రమాదమే. 2011ల ఇంగ్లండ్‌ల ఈడెన్ ప్రాజెక్ట్ అనే పెద్ద గార్డెన్ వాళ్లు ఇవే గింజలతోని అమ్మిన బ్రేస్‌లెట్లను వాపస్ పిలిపిచ్చిండ్రు.

ఇంట్ల ఇప్పటికే అసొంటి దండ ఉంటే పిల్లలకు అందకుండ తీసెయ్యుండ్రి. ఎవరన్న నమిలినట్టు అనుమానం వచ్చినా సరే, ఏం గాలేదు కదా అని ఇంట్ల కూసోవద్దు, లక్షణాలు కొన్ని గంటల తర్వాత గూడ మొదలైతయి, గింజ చేతుల పట్టుకోని సక్కగ పెద్ద దవాఖానకు పోవాలె. నాకు గురిగింజ డిజైన్ కావాలని ఆర్డర్లొస్తయి, చేస్త, కానీ గాజుతోని. 8/0 ఎర్ర పూస, దాని పక్కన 11/0 నల్ల పూస, దూరంకెళ్లి చూస్తే అచ్చం గురిగింజే.

గింజలన్ని వద్దంటలేను. కుంకుడు గింజ గట్టిది, నల్లగ నున్నగ ఉంటది, మంచిగనే నిలుస్తది. చింతగింజల్ని సరిగ ఎండబెట్టకుండ గుచ్చితే కొన్నాళ్లకు పురుగు పొడి రాలుతది, కొనేటప్పుడు సన్న సన్న బొక్కలున్నయా చూసుకోవాలె.

అపోహ: కింద రాలిన ఈకే కదా, కమ్మకు పెట్టుకుంటే తప్పేంది?

నెమలి ఈక వరకైతే సగం నిజం. 1972 వన్యప్రాణి చట్టంల నెమలి తోక ఈకలకు మన దేశం లోపట అమ్ముకునేటందుకు మినహాయింపు ఉంది, విదేశాలకు పంపుడు మాత్రం నడవది. అమెరికాల ఉన్న అక్కకు కొరియర్ చేస్తరా అని అడిగేటోళ్లకు అందుకే వద్దంటున్న. మిగిలిన అడవి పక్షుల ఈకలకు ఆ మినహాయింపు లేదు. పాలపిట్ట మన రాష్ట్ర పక్షి, దసరా రోజు దాన్ని చూస్తే మంచిదని పట్టి పంజరంల పెట్టి ఇంటింటికి తిప్పి పైసలు అడిగేటోళ్లున్నరు, ఇంగ దాని ఈకతోని కమ్మ అంటే ఎవరు ఏ దిక్కుకెళ్లి తెచ్చిండ్రో ఎట్ల నమ్మాలె? నా దగ్గర ఈకలన్ని పూసలే.

అపోహ: జానపదం అంటే గిరిజనుల డిజైన్ చూసి దించుడే

దించేటోళ్లు మస్తుగున్నరు, నిజమే. గోండోళ్ల దండారి పండుగల గుస్సాడి ఆట వేసేటోళ్లు నెత్తికి పెట్టుకునే నెమలి పింఛాల టోపీ బొమ్మను కీచైన్ మీద గూడ చూసిన. ఆ టోపీ దండారి రోజులల్ల దేవుని లెక్క పూజించేది. కోయోళ్ల పడిగె గూడ అంతే, మూడు మూలల గుడ్డ మీద వాళ్ల గోత్రం కథ, వేల్పుల కథ ఉంటది. అది కమ్మకు మంచిగ సెట్ అయితది, మూడు మూలలే గదా, త్రికోణం అల్లుడు మస్తు ఈజీ. అయినా చెయ్య. ఎవరింటి దేవున్నో నేను చెవులకు పెట్టి అమ్ముడేంది అని నా పట్టింపు, వేరేటోళ్లు వేరే తీరు అనుకోవచ్చు.

అందరివి అయినవి మస్తుగున్నయి. రామప్ప గుడి 1213 నాటిది, 2021ల యునెస్కో గుర్తింపు వచ్చింది, ఆడ నల్లరాతి మదనికల మెడలల్ల హారాలు వరుస వరుసకు విడిగ చెక్కిండ్రు, ఏ వరుస ఏడ మొదలైతదో ఫోటో తీసుకోని జూమ్ చేసి చూడుండ్రి, డిజైన్ పుస్తకం అక్కర్లేదు. చేర్యాల నకాషీ బొమ్మలది వెనక ఎర్ర రంగు, అది పూసలల్ల అల్లితే ముందున్న పసుపు, నీలం ఇంకింత లేస్తయి.

లాకెట్‌కు డోక్రా కావాల్నంటే ఆదిలాబాద్ దిక్కు ఓజోళ్లు పోసిందే తీసుకుంట. మైనంతోని బొమ్మ చేసి, మట్టి పూసి, కాల్చి, మైనం కరిగిపోయిన జాగల లోహం పోస్తరు, మట్టిని పలగ్గొడితేనే బొమ్మ బయటికి వస్తది. ఒక అచ్చుకు ఒకటే బొమ్మ. రెండు కమ్మలు అచ్చం ఒక్క తీరు లేవు అని వాపస్ ఇస్తా అంటరు కొందరు, వాళ్లకు మిషన్ కాస్టింగ్‌దే కొనుక్కోమని చెప్త.

అపోహ: జర్మన్ సిల్వర్ అంటే తక్కువ రకం వెండి

వెండి ఒక్క రవ్వ గూడ ఉండది. రాగి, నికెల్, జింక్ కలిపిన లోహం, అంతే. ఆ నికెల్‌తోనే కొంతమందికి చెవి తమ్మె దురద పెట్టి చీము పడ్తది, పూసలు పడలేదు అనుకుంటరు, పడంది హుక్. చెవి సున్నితం అయితే 925 వెండి హుక్ అడగుండ్రి, జర రేటు ఎక్కువైనా.

అపోహ: గాజు పూసలు బయటి దేశాల సరుకు, మనకు ఆ పని రాదు

మంచి సైజు పూసల కోసం జపాన్, చెక్ సరుకు కొంటున్న మాట వాస్తవమే, ఎందుకంటే ముఖ్యంగ జపాన్‌దైతే పూసకు పూస కొలత దాదాపు మారకుండ ఉంటది, అల్లికకు అది కావాలె. కానీ గాజు గొట్టం సాగదీసి ముక్కలు కోసి పూసలు చేసుడు మన దేశంల రెండు వేల ఏండ్ల కింది పని, పుదుచ్చేరి దగ్గర అరికమేడుల చేసిండ్రు, తిరుపతి దిక్కు పాపానాయుడుపేటల మొన్నమొన్నటిదాక ఆ పద్ధతి నడిచింది. సంగారెడ్డి జిల్లా కొండాపూర్ తవ్వకాలల్ల శాతవాహనుల కాలం పూసలు కుప్పలుగ దొరికినయి, ఆడనే మ్యూజియంల పెట్టిండ్రు. మన ఊర్లల్ల గూడ పూసలోళ్లు గంప నెత్తిన పెట్టుకోని సూదులు, పిన్నీసులు, పూసలు అమ్ముకుంట తిరిగేది.

గాజు అన్నంక రంగు పోదు అనుకునుడు గూడ తప్పే. గాజులోనే కలిసిన రంగు పోదు. పైన పూసిన రంగు, వెండి బంగారు కోటింగ్, ఇవి చెమటకు, సెంటుకు పోతయి. కొత్త పూసలు రాంగనే నాలుగు పూసలు నెయిల్ పాలిష్ రిమూవర్ల ఒక రాత్రి వేస్త, ఇంకో నాలుగు కిటికీల ఎండకు పెడ్త. రంగు దిగితే ఆ ప్యాకెట్ పక్కకే.

అపోహ: నల్లపూసలు తెగితే అరిష్టం

నమ్మకం మీది, దాని జోలికి పోను. తెగుడుకు కారణం మాత్రం దారం. చవక పూసల బెజ్జం అంచు పదునుగ ఉంటది, రోజు మెడల కదిలి కదిలి దారాన్ని కోస్తది, ముఖ్యంగ కొక్కెం దగ్గర. ఏడాదికోసారి అంతా బాగున్నా దారం మార్పిచ్చుకోండ్రి, తెగేదాక చూడుడెందుకు.

అపోహ: అల్లిక ఒక్కకాడ తెగితే మొత్తం పాయె, పారేసుడే

కాదు, చానా మటుకు రిపేర్ అయితది. తెగిన జాగకెళ్లి రెండు మూడు వరుసలు ఇప్పి, కొత్త దారం పాత పూసలల్లకెళ్లి తీసుకపోయి మళ్ల అల్లొచ్చు. దయచేసి ఫెవిక్విక్ మాత్రం పెట్టకుండ్రి, అది దారంలకు ఇంకి పుల్ల లెక్క చేస్తది, మళ్ల ఆడనే ఇరుగుతది, పైకెళ్లి బెజ్జాలు మూసుకుపోతయి గనుక సూది దూరది, అప్పుడు నేను గూడ ఏం చెయ్యలేను. కింద పడిన పూసలు దొరికినన్ని చిన్న కవర్ల ఏసి కమ్మతోని పంపండ్రి. రెండో కమ్మ మంచిగున్నా సరే, అది గూడ పంపండ్రి, ఎందుకంటే అదే రంగు పూసలు కొత్త ప్యాకెట్ల జర షేడ్ మారి వస్తయి, రెండు పక్కపక్కన పెట్టుకుంటేనే ఏడ కలపాల్నో తెలుస్తది.