పెద్ద చేపల నోరు శుభ్రం చేసే చిన్న చేప

బ్రాడీపేట,
గుంటూరు.

చిరంజీవులు చిన్నీకి, బంటీకి తాతయ్య ఆశీస్సులు.

బెజవాడలో అక్వేరియం షాపు నుంచి మీరు పంపిన ఫోటో చూశాను. నీలం ఒంటి మీద ముక్కు నుంచి తోక దాకా నల్లచార ఉన్న ఆ చేపను కొనిపెట్టమన్నారు. కొననర్రా. ఎందుకో చెప్తాను, అలగకుండా చదవండి.

దాని పేరు క్లీనర్ రాస్. రాస్ కుటుంబంలో 500కు పైగా జాతులున్నాయి. ఇది పగడపు దిబ్బల మీద బతికే సముద్రపు చేప. మన దేశంలో చూడాలంటే లక్షద్వీప్, అండమాన్ లాంటి చోట్లకు వెళ్లాలి. ఎంత పెరిగినా 14 సెంటీమీటర్లు దాటదు.

దిబ్బ మీద ఒక చోటు చూసుకుని అక్కడే ఉంటుంది. మిగతా చేపలే దాన్ని వెతుక్కుంటూ వచ్చి, ఆదివారం పొద్దున సెలూన్‌లో జనంలాగా వంతు కోసం ఆగుతాయి. వంతు రాగానే నోరు, మొప్పలు తెరిచి కదలకుండా నిలబడతాయి. ఇది లోపలికి దూరి, పట్టి పీడిస్తున్న పరాన్నజీవులను ఏరి తింటుంది. చిన్న చేపలను గుటుక్కున మింగే గ్రూపర్ అనే పెద్ద చేప కూడా దీని జోలికి రాదు! ఆస్ట్రేలియాలో లిజర్డ్ ద్వీపం దగ్గర అలెగ్జాండ్రా గ్రట్టర్ అనే శాస్త్రవేత్త లెక్కగడితే, ఒక్కో క్లీనర్ రాస్ రోజుకు సుమారు 1,200 పరాన్నజీవులను తింటోందని తేలింది.

నిజానికి దానికి పురుగుల కంటే చేప ఒంటి మీది జిగురంటేనే ఇష్టం. ఆశపడి కొరికిందా, వచ్చిన చేప ఉలిక్కిపడి వెళ్లిపోతుంది. అందుకే రెక్కలతో దాని వీపు నిమిరి మచ్చిక చేసుకుంటుంది. అంత చిన్న తలలో ఎంత తెలివో చూడండి. 2019లో జపాన్ శాస్త్రవేత్తలు దీని గొంతు మీద రంగు చుక్క పెట్టి అద్దం చూపించారు. అద్దంలో చూసుకున్నాక, ఆ చుక్క తన ఒంటి మీదే ఉందని తెలిసినట్టు, అది గొంతును నేలకేసి రుద్దుకుంది!

ఇక మీ గాజు తొట్టిలో దాని దగ్గరికి ఎవరొస్తారు? ఉన్న రెండు మూడు చేపల మీద పురుగులు ఎన్నని దొరుకుతాయి? మనం వేసే మేత ముట్టక చాలావరకు ఆకలితో చిక్కి చచ్చిపోతాయి. అక్కడ దిబ్బకూ నష్టమే. అదే లిజర్డ్ ద్వీపం దగ్గర కొన్ని దిబ్బల మీద ఎనిమిదేళ్లకు పైగా వీటిని లేకుండా చేసి చూస్తే, ఆ దిబ్బల మీద చేపలూ తగ్గాయి, చేపల రకాలూ తగ్గాయి.

దసరా సెలవులకు రండి, గప్పీలు కొందాం. అవి మంచినీళ్ల చేపలు, మామూలు మేతకే చక్కగా పెరుగుతాయి. తొట్టి ఎక్కడ పెట్టాలో అమ్మమ్మనడిగి ఉంచుతాను. నీళ్లు మార్చే పని మాత్రం మీ ఇద్దరిదే.

ఇట్లు,
మీ తాతయ్య