రాసిపెట్టి ఉంటే రొట్టె దేనికి?

నెల్లూరు స్వర్ణాల చెరువు గట్టున రొట్టెల పండగ మొదలైందో లేదో, పాత గొడవ వాట్సాప్ గ్రూపుల్లో మళ్లీ లేచింది. కోరిక తీరాలని ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, వీసా రొట్టె పట్టుకుంటే అల్లా రాసిన తక్దీర్, అంటే తలరాత, మారిపోతుందా అని ఒకరు. మారనప్పుడు నమాజు తర్వాత దువాకి, అంటే అల్లాను వేడుకోడానికి, చేతులెందుకు చాస్తున్నారని ఇంకొకరు. బారా షహీద్ దర్గా కథ, 2015లో ఇది రాష్ట్ర పండగ కావడం అందరికీ తెలిసినవే. 'అంతా రాసిపెట్టే ఉంది' అన్న మాట మొదట్లో ఎవరికి పనికొచ్చిందన్నదే అసలు విషయం. అదీ ఈ పండగ జరిగే మొహర్రంతో ముడిపడినదే.

క్రీ.శ. 680లో కర్బలాలో ప్రవక్త మనవడు ఇమామ్ హుసేన్‌ని చంపాక, మిగిలినవాళ్లను ఉమయ్యద్ వంశ పాలకుల కూఫా గవర్నర్ ఇబ్న్ జియాద్ ముందు నిలబెట్టారు. చరిత్రకారుడు తబరీ తన చరిత్రలో రాసిన ప్రకారం, గవర్నర్ హుసేన్ కొడుకును పేరడిగాడు. 'అలీ' అన్నాడతను. హుసేన్ కొడుకు అలీని అల్లా చంపేశాడుగా అన్నాడు గవర్నర్. నాకు అదే పేరుతో ఒక సోదరుడుండేవాడు, అతన్ని జనం చంపారు అన్నాడు అబ్బాయి. కాదు, అల్లాయే చంపాడని గవర్నర్ పట్టుబట్టాడు. కత్తులు ఎవరి సైన్యానివో ఆ సభలో తెలియనివాళ్లు లేరు.

ఉమయ్యద్ పాలకులకు తక్దీర్ అలా అక్కరకొచ్చింది. గద్దె దక్కడమూ దైవ నిర్ణయమే అయితే, ఇక లెక్క అడిగేదెవరు? బస్రాలో మాబద్ అల్ జుహనీ, డమాస్కస్‌లో గైలాన్ మనిషి చేసినదానికి మనిషే బాధ్యుడన్నారు. ఇద్దరినీ చంపించారు. మాబద్ తిరుగుబాటులో కూడా చేరాడంటారు, అది వేరే సంగతి. ఆ మాటనే తర్కానికి పెద్దపీట వేసిన ముతజిలా పండితులు సిద్ధాంతంగా పెంచారు: అల్లా న్యాయవంతుడు, మనిషి చేతిలో లేనిదానికి శిక్ష వేయడు.

రాతే అనేవాళ్లకూ ఆధారం ఉంది. అల్లా తలిస్తే తప్ప మీరు తలచలేరని ఖురాన్‌లోనే ఉంది (76:30). పదో శతాబ్దంలో మతపండితుడు అష్అరీ మధ్యేమార్గం చూశాడు: పనిని సృష్టించేది అల్లా, దాన్ని సంపాదించుకునేది మనిషి. వినడానికి బాగుంది కానీ, ఆ సంపాదన ఏమిటో ఆయన శిష్యులకే పూర్తిగా కొరుకుడు పడలేదు. ఆంధ్రలో ఎక్కువమంది సున్నీలు హనఫీ ధర్మశాస్త్ర సంప్రదాయం వాళ్లు. హనఫీలు సాధారణంగా అనుసరించే సమర్‌కండ్ పండితుడు మాతురీదీ, మనిషి ఎంపిక నిజమైనదేనన్నాడు.

నేటి తగువుకు దగ్గరగా వచ్చేది మాత్రం కర్బలాకు నలభై ఏళ్ల ముందటి ఘటన. సిరియాలో ప్లేగు వచ్చిందని విని ఖలీఫా ఉమర్ దారిలోనే వెనక్కి మళ్లారు. అల్లా రాత నుంచి పారిపోతున్నారా అని సిరియాలోని సేనాని అబూ ఉబైదా అడిగితే, అవును, అల్లా రాత నుంచి అల్లా రాతలోకే అన్నారు ఉమర్. దువా తప్ప మరేదీ తక్దీర్‌ను మళ్లించలేదన్న హదీసు, అంటే ప్రవక్త మాట, తిర్మిజీ సంకలనంలో ఉంది. రొట్టెను తప్పుబట్టే మౌల్వీలు కూడా దువా వద్దనరు. దాన్ని దర్గా గడపలో చేయవచ్చా అన్న దగ్గరే వాళ్లకు పేచీ.