జీపు కింద ఒక చెరువు

దేవరకొండ వైపు గుట్టల మీద పెట్రోలు జీపు నడిపే పాఠకుడి ప్రశ్న ఇది. చెక్ ఇంజిన్ లైటు వెలిగింది, స్కానర్ పెడితే పి0420 కోడ్ వచ్చింది. "కన్వర్టర్ పోయింది, కోసేసి ఖాళీ పైపు పెడదాం, పికప్ కూడా పెరుగుతుంది" అన్నారట షాపులో. కన్వర్టర్ అంటే ఇంజిన్ పొగలోని విషవాయువులను శుభ్రం చేసే స్టీలు డబ్బా. దాని బదులు ఖాళీ పైపు పెట్టించవచ్చా?

వద్దు. ఎందుకు వద్దో తెలియాలంటే ముందు ఆ కోడ్‌ను సరిగ్గా చదవాలి. కన్వర్టర్‌లో ఆక్సిజన్ నిల్వ తగ్గినట్టు దాని వెనక ఉన్న ఆక్సిజన్ సెన్సర్ లెక్కకు తేలింది, పి0420 చెప్పేది అంతవరకే. ఈ నిల్వ సంగతి పాలమూరు, నల్లగొండ వాళ్లకు చెప్పడం చాలా తేలిక. తరతరాలుగా కుంటలూ చెరువులూ నమ్ముకుని బతికిన నేల మనది.

ఆ స్టీలు డబ్బాలో ఉండేది తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మ. చదరపు అంగుళానికి 400 గదులుండటం మామూలు. గదుల గోడలకు గామా అల్యుమినా పూత, ఆ పూతలో ప్లాటినం, పల్లేడియం, రోడియం రేణువులు, వాటితో పాటు సీరియం ఆక్సైడ్. గామా అల్యుమినా ఎంత గుల్లగా ఉంటుందంటే ఒక్క గ్రాములోనే నూరు చదరపు మీటర్లకు పైగా ఉపరితలం ఉంటుంది. నూరు గ్రాముల పూత అనుకున్నా పదివేల చదరపు మీటర్లు. అంటే రెండు చేతుల్లో ఇమిడే డబ్బాలో రెండున్నర ఎకరాల కుంట!

ఇప్పుడు వానలు చూద్దాం. ఒక కిలో పెట్రోలు సరిగ్గా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. ఇంజిన్ కంప్యూటర్ ఆ గీత మీద నిలబడలేదు, దానికి అటూ ఇటూ ఊగుతూ నడుపుతుంది. గాలి కాస్త ఎక్కువైన క్షణంలో పొగలో ఆక్సిజన్ మిగులుతుంది. అది వాన. పెట్రోలు కాస్త ఎక్కువైన మరుక్షణం ఆక్సిజన్ కరువై, కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. అది ఎండ. వాన పడ్డప్పుడు సీరియం ఆక్సిజన్‌ను పట్టి దాచుకుంటుంది, ఎండలో తూము తెరిచినట్టు వదులుతుంది. ఆ ఆక్సిజన్‌తోనే కార్బన్ మోనాక్సైడ్ కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. రసాయన భాషలో చెప్పాలంటే సీరియం 4+ స్థితికీ 3+ స్థితికీ మధ్య తిరుగుతుంది, ఇంజిన్ నడిచినంతసేపూ.

చెరువుకు నీళ్లు ఎంత ముఖ్యమో ఖాళీ జాగా కూడా అంతే ముఖ్యం. మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్ రోడ్డులో యాక్సిలరేటర్ వదిలి దిగుతున్నప్పుడు ఇంజెక్టర్లు మూసుకుంటాయి, కన్వర్టర్‌లోకి ఉత్త గాలి పోతుంది. చెరువు అంచుదాకా నిండిపోతుంది. ఆ స్థితిలో రోడియం నైట్రోజన్ ఆక్సైడ్లను విడగొట్టలేదు, ఎందుకంటే వాటి నుంచి ఊడిన ఆక్సిజన్ పోవడానికి చోటుండదు. అందుకే మళ్లీ యాక్సిలరేటర్ తొక్కగానే కంప్యూటర్ కాసేపు పెట్రోలు ఎక్కువ పోసి, మట్టం కావాలనే దించుతుంది. వరద రాకముందే తూము ఎత్తే నీరటి చేసే పనే అది.

ఇక చివరి ఆయకట్టు రైతు, అంటే వెనక సెన్సర్. చెరువు బాగుంటే పైన వాన పడిందో ఎండ కాసిందో అతనికి పట్టదు, కాలువలో నీళ్లు ఒకే మట్టాన వస్తాయి. సెన్సర్ 0.6, 0.8 వోల్టుల మధ్య నిలకడగా ఉంటుంది. చెరువు పూడితే ప్రతి వానా మత్తడి దూకి అతని మీదికే వస్తుంది, ప్రతి ఎండకూ కాలువ ఎండుతుంది. వెనక సెన్సర్ 0.1 నుంచి 0.9 వోల్టుల దాకా ఊగుతుంది. కంప్యూటర్ ఆ ఊగుడు చూసే కోడ్ వేస్తుంది.

ఇక్కడ బడి పాఠం గురించి ఒక మాట. ప్లాటినం లాంటి ఉత్ప్రేరకం రసాయన చర్యలో పాల్గొనదని పిల్లల చేత బట్టీ పట్టిస్తాం. అది తప్పు. ప్లాటినం మీద కార్బన్ మోనాక్సైడ్ వచ్చి అతుక్కుంటుంది, ఆక్సిజన్ అణువు అక్కడే రెండుగా విడిపోతుంది, కార్బన్ మోనాక్సైడ్ ఆ ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్‌గా లేచిపోతుంది, ప్లాటినం మళ్లీ ఖాళీ అవుతుంది. పాల్గొంటుంది, ఖర్చవదు. ఈ తేడా పట్టుబడితే కన్వర్టర్ ఎలా పాడవుతుందో కూడా పట్టుబడుతుంది: అతుక్కునే చోటు పోవడమే దాని చావు.

ఆ చోటు ముఖ్యంగా వేడికి పోతుంది. ఒక ప్లగ్గు గానీ కాయిల్ గానీ సరిగా పనిచేయక మిస్‌ఫైర్ అయితే, అంటే సిలిండర్‌లో నిప్పు అంటుకోకపోతే, మండని పెట్రోలూ మండని గాలీ రెండూ కన్వర్టర్‌లోకే వచ్చి అక్కడ మండుతాయి. వేడి 1000 డిగ్రీలు దాటితే ప్లాటినం రేణువులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి గడ్డలవుతాయి, గామా అల్యుమినా గుల్లతనం పోయి కుదించుకుపోతుంది. రెండున్నర ఎకరాల కుంట మడి చెక్కంత అవుతుంది. ఇంకా పెరిగి 1400 దాటితే పింగాణీయే కరిగి గదులు మూసుకుపోతాయి. చెక్ ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంటే వెంటనే యాక్సిలరేటర్ తగ్గించమనేది ఇందుకే. రెండోది పూత మీద పేరుకునే పొర. ఇంజిన్ ఆయిల్ తాగుతుంటే అందులోని ఫాస్ఫరస్, కూలెంట్ లీకైతే, సీలెంట్ పూస్తే వాటిలోని సిలికాన్. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసి పొలాలకు తోలుకున్నాం. ఈ చెరువుకు ఆ వీలు లేదు. పెట్రోలులో కలిపే క్లీనర్ సీసాలు మసిని కొంత వదిలిస్తాయేమో గానీ, కలిసిపోయిన ప్లాటినాన్ని విడదీయలేవు.

గుట్టల మీద తిరిగే బండికి ఇంకో రెండు ప్రమాదాలున్నాయి. రాచకొండ బండల్లాంటి చోట కింద తగిలితే డబ్బా సొట్టపడి పింగాణీ పగులుతుంది. వేడిగా ఉన్న బండిని దుందుభి వాగులో దించితే స్టీలు డబ్బా ఒక్కసారిగా ముడుచుకుంటుంది. పింగాణీ వేడికి సాగేది స్టీలుతో పోలిస్తే దాదాపు పదో వంతే కాబట్టి అది ముడుచుకోదు, మధ్య ఉన్న మెత్తటి చాపే ఆ ఒత్తిడి మోయాలి. నీళ్లు చొరబడి ఆ చాప కొట్టుకుపోతే దిమ్మ లోపల గలగలలాడుతూ అరిగిపోతుంది. వాగు దిగే ముందు పదిహేను, ఇరవై నిమిషాలు బండిని చల్లారనివ్వండి.

మార్చే ముందు చేయాల్సిన పరీక్షలు ఇవి. మొదటిది పైపులో లీకు. వెనక సెన్సర్‌కు ముందు చిన్న పగులున్నా బయటి గాలి లోపలికి పీల్చుకుని తప్పుడు కోడ్ వస్తుంది. చల్లని ఇంజిన్ మీద సైలెన్సర్ చివర బ్లోయర్‌తో గాలి ఊది, అతుకుల మీద సబ్బునీళ్లు పోస్తే బుడగలు చెబుతాయి. తర్వాత బండిని పది నిమిషాలు నడిపి, 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచి వెనక సెన్సర్ వోల్టేజి చూడండి. ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోలును ఎంత సవరిస్తోందో చెప్పే అంకె, పది శాతం దాటితే, మిస్‌ఫైర్ లెక్క పెరుగుతుంటే తప్పు ఇంజిన్‌ది. చల్లారాక రబ్బరు సుత్తితో తట్టండి. గలగలమంటే దిమ్మ విరిగింది. బండికి లాగే బలం లేకపోతే కన్వర్టర్‌కు ముందున్న సెన్సర్ విప్పి ఆ రంధ్రానికి ప్రెషర్ గేజ్ పెట్టండి. ఐడిల్‌లో 1.5 పీఎస్ఐ, 2500 ఆర్‌పీఎంలో 3 పీఎస్ఐ దాటితే దారి మూసుకుపోయింది.

కోసేస్తే పికప్ పెరుగుతుందనే నమ్మకం పుట్టింది ఈ మూసుకుపోయిన బండ్ల నుంచే. మంచి కన్వర్టర్ తినే శక్తి చాలా తక్కువ. చెరువే లేకపోతే చివరి రైతు ఊగుడు ఎలాగూ ఆగదు, కోడ్ మళ్లీ వస్తుంది. పైగా లో గేరులో అద్దాలు దించి నిదానంగా పోతుంటే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ క్యాబిన్‌లోకి వస్తుంది. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద ఇలా కన్వర్టర్ కోసేసి నడిపితే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా ఉన్నాయి.

మార్చాల్సి వస్తే ముందుగా పాతదాన్ని చంపిన కారణాన్ని బాగుచేయండి. ప్లగ్గులు, కాయిల్, ఆయిల్ తాగుడు, కూలెంట్ లీకు ఏదైనా సరే. లేకుంటే కొత్తదీ అదే దారి పడుతుంది. బండి మోడల్‌కు, దాని బీఎస్ (భారత్ స్టేజ్) కాలుష్య ప్రమాణానికి సరిపోయే కన్వర్టరే కొనండి. చవక వాటిలో విలువైన లోహాలు తక్కువగా వేస్తారు, కోడ్ తొందరగా తిరిగొస్తుంది. తుప్పు పట్టిన నట్లకు ముందు రోజు రాత్రే నూనె పట్టించండి. డబ్బా మీది బాణం గుర్తు సైలెన్సర్ వైపు ఉండాలి. గ్యాస్కెట్లు కొత్తవే వేయాలి, సిలికాన్ సీలెంట్ ముట్టుకోవద్దు. సెన్సర్‌ను 40, 45 న్యూటన్ మీటర్ల దాకా బిగిస్తే చాలు, దాని మొనకు గ్రీజు తగలనివ్వకండి.

కొత్తది వేశాక కింద రాళ్ల దెబ్బ ఆపే స్కిడ్ ప్లేట్ పెట్టిస్తే గాలి ఆడే రంధ్రాలున్నది పెట్టించండి. ప్లేటుకూ డబ్బాకూ మధ్య ఇరుక్కున్న ఎండుగడ్డిని ప్రతి ప్రయాణం తర్వాత చేత్తో లాగేయండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో అమ్రాబాద్ అడవి అంచున బండి ఆపితే గడ్డి లేని మొరం మీదే ఆపండి. ఎత్తుగా పెరిగిన ఎండుగడ్డి ఆ వేడి డబ్బాకు తగిలితే అంటుకుంటుంది.