వింత మిలటరీ బండి కనిపిస్తే: తవ్వకం యంత్రాలపై అపోహలు - వాస్తవాలు

బెజవాడ ఆటోనగర్‌లో ప్రొక్లెయిన్లు, జేసీబీల హైడ్రాలిక్స్ బాగుచేయడం మా పని. దాంతో వాట్సాప్‌లో ఏ వింత బండి తిరిగినా "అన్నా, ఇదేంటి?" అని నన్నే అడుగుతారు. ఎక్కువగా వచ్చే ఫొటో ఒకటుంది. పాత లారీ క్యాబిన్, కింద చైన్లు, వెనక ఎగ్జిబిషన్‌లో జెయింట్‌వీల్ లాంటి చక్రం.

అపోహ: అది రాకెట్ లాంచర్.
వాస్తవం: అది సోవియట్ కాలపు బీటీఎం-3. సైనికులు దాక్కునే కందకాలు తవ్వుతుంది. చక్రం చుట్టూ 8 బకెట్లు ఉంటాయి. చక్రాన్ని నేలలోకి దించి మెల్లగా కదులుతుంటే మీటరున్నర లోతు దాకా కందకం పడుతుంది.

అపోహ: చాసీ గుర్తుపడితే బండి పేరు తెలిసినట్టే.
వాస్తవం: ఎక్కువమంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. ఆ చాసీ పేరు ఏటీ-టీ. ఖార్కివ్‌లో తయారైన ఫిరంగులు లాగే ట్రాక్టర్ అది. టీ-54 ట్యాంకు భాగాలు వాడారు కాబట్టి పక్కకు ఐదేసి పెద్ద చక్రాలు కనిపిస్తాయి. కానీ ట్యాంకుకు చైన్ తిప్పే పళ్ల చక్రం వెనక ఉంటే, దీనికి ముందుంటుంది. ఇదే చాసీ మీద మూడు వేర్వేరు బండ్లు ఉన్నాయి. వెనక బకెట్ల చక్రం ఉంటే బీటీఎం-3. బండి వెడల్పంతా ఆక్రమించే కట్టర్ ఉంటే ఎండీకే-2ఎం. ట్యాంకులు, ఫిరంగులు దాచడానికి మూడున్నర మీటర్ల వెడల్పు గొయ్యి తీస్తుంది. ముందు భారీ బ్లేడు, పైన క్రేను ఉంటే దారి చేసే బాట్-ఎం. ఎండీకేకీ ముందు బ్లేడు ఉంటుంది, దాన్ని చూసి తేల్చేయకండి. అందుకే వెనక వైపు ఫొటో అడుగుతాను. అందరూ ముందు వైపే పంపుతారు!

అపోహ: బరువున్న బండే మట్టిని గట్టిగా తోస్తుంది.
వాస్తవం: మాట నిజమే, కానీ ఆ బరువు ఇనుముదే కానక్కర్లేదు. అమెరికా సైన్యం మట్టి తోసే బండి ఎం9 ఏస్‌ను విమానంలో ఎక్కించాలి కాబట్టి తేలిగ్గా చేశారు. పనిచోటికి వెళ్లాక అక్కడి మట్టినే ముందున్న తొట్టిలో నింపుకుని బరువు పెంచుకుంటుంది. ఇక బ్లేడు దించాలంటే సస్పెన్షన్‌తో బండి ముందుభాగమే కిందికి వంగుతుంది. మా ఆపరేటర్లకు చెబితే ఒక పట్టాన నమ్మరు.

అపోహ: బకెట్ ఉన్న వైపే బండి ముందు.
వాస్తవం: బ్రిటిష్ సైనిక తవ్వకం బండి ఎఫ్‌వీ180లో బకెట్ వెనక్కి పెట్టుకుని రోడ్డెక్కుతారు. ఇద్దరి సీట్లూ తిరుగుతాయి, రెండు వైపులా ఒకేలా నడుస్తుంది. మన సైన్యం కూడా కొన్నది. రాకెట్ వెతికేవాళ్లకు ఇందులో నిజంగానే ఒకటి దొరుకుతుంది: నదిలోంచి ఒడ్డెక్కలేనప్పుడు లంగరును గట్టు మీదికి విసరడానికి.

అపోహ: ఆర్మీ వస్తే ఇలాంటి బండ్లే దిగుతాయి.
వాస్తవం: 2024 సెప్టెంబరులో బుడమేరు గండ్లు పూడ్చడానికి ఆర్మీ ఇంజనీర్లు వచ్చారు. వాళ్లు నమ్ముకున్నది గేబియన్లను, అంటే రాళ్లు నింపిన ఇనుప వల బుట్టలను.