బెజవాడకి బెజ్జం, బందరుకి బురద

అర్ధరాత్రి బెజవాడలో రైలు దిగినా స్టేషన్ జాతరలా ఉంటుంది, మద్రాసు లైను, హైదరాబాద్ లైను, కలకత్తా లైను అన్నీ కలిసేది ఇక్కడే మరి. ఇక్కడే ఎందుకు? కృష్ణమ్మకి కొండ అడ్డమొస్తే అర్జునుడు బెజ్జం కొట్టి దారిచ్చాడని, అందుకే బెజవాడ అయిందని పెద్దవాళ్లు చెప్తారు. పేరు సంగతి పండితులు తేల్చుకోనీ గానీ ఆ బెజ్జం మాత్రం నిజం. ఇటు ఇంద్రకీలాద్రి, అటు సీతానగరం కొండ, మధ్యలో అంత పెద్ద ఏరూ కిలోమీటరు చిల్లర వెడల్పులో ఇరుక్కుంటుంది.

ఆనకట్ట కట్టేవాడికి ఇంకేం కావాలి, గోడ పొడవు తగ్గుతుంది, రాయి పక్కనే ఉంది, పైగా డెల్టా మొదలయ్యేది ఇక్కడే కాబట్టి నీళ్లు కాస్త పైకెత్తితే చాలు, అటు గుంటూరు వైపూ ఇటు బందరు వైపూ పల్లానికి వాటంతట అవే పోతాయి. 1855కి ఆనకట్ట అయిపోయింది, ఇప్పుడున్న ప్రకాశం బ్యారేజీ 1957 నాటిది. కాలవలంటే పొలానికి నీళ్లొక్కటే కాదు, అప్పట్లో ధాన్యం పడవలకి అవే రోడ్లు. 1893లో రైలు వంతెన పడిందీ ఈ ఇరుకు దగ్గరే.

బందరు కథ రివర్సు. ఇంగ్లీషువాళ్లు 1611లోనే అక్కడికొచ్చారు, గోల్కొండకి సముద్రం వాకిలి అదే, కానీ తీరమంతా మెరక, ఓడలు దూరంగా లంగరేస్తే సరుకు చిన్న పడవల్లో మోసుకోవాలి. ఆ మెరక వేసిందెవరు? కృష్ణే! బెజవాడకి అన్నం పెట్టిన ఏరే బందరు నోట్లో మట్టి కొట్టింది, నిజంగానే మట్టి. 1864 ఉప్పెనలో 30 వేల మంది దాకా పోయారు, ఆ తర్వాత రేవుకి పాత వైభవం రాలేదు. కొండ చాటున్న విశాఖ 1933లో పెద్ద పోర్టు అయి కూర్చుంది.

ఇప్పుడు కాలవల్లో ధాన్యం పడవల్లేవు కదా, మరి బెజవాడ ఎందుకు చిక్కిపోలేదు అంటే, ఆటోనగర్ చూడండి, లారీ బాడీ కట్టేవాడి పక్కన వెల్డరు, వాడి పక్కన స్పేర్ పార్ట్స్ కొట్టు, ఇంతమందిని వదిలి ఒక్కడే వేరే ఊళ్లో షెడ్డు వేసుకుంటే బేరం ఎవడిస్తాడు. 2024 సెప్టెంబర్‌లో బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరదొచ్చింది, ఇంకోవైపు బుడమేరు వాగు పొంగి ఊళ్లోని సింగ్‌నగర్ మునిగింది. నీళ్లు తీశాక బురద కడుక్కుని మళ్లీ అక్కడే షాపులు తెరిచారు.