చెరువు చేపల రకాలు, రక్తసంబంధాలు: అపోహలు - వాస్తవాలు

వానాకాలం మొదలై చెరువుల్లోకి నీరు చేరగానే నల్లగొండ, పాలమూరు మత్స్య సహకార సంఘాల్లో చేపపిల్లల మాటే. ఎన్ని లక్షలు వస్తున్నాయి, చిన్న చెరువులకిచ్చే 35-40 మిల్లీమీటర్ల సైజా, రిజర్వాయర్లకిచ్చే 80-100 మిల్లీమీటర్ల సైజా అని అడుగుతారు. అవి ఏ తల్లిదండ్రుల పిల్లలని అడిగేవాళ్లు అరుదు. మూడేళ్ల తర్వాత దిగుబడి ఎందుకు పడిపోయిందో తెలియాలంటే ముందు అదే అడగాలి.

అపోహ: పిల్లలు లక్షల్లో ఉంటే జాతి బలంగా ఉన్నట్టే.

వాస్తవం: రవ్వు (రోహు) తల్లిచేప తన బరువులో కిలోకి రెండు లక్షలకు పైగా గుడ్లు పెట్టగలదు. అంటే ఓ పెద్ద చెరువుకు సరిపడా పిల్లలు నాలుగైదు తల్లుల కడుపునే పుట్టొచ్చు. చెరువు నిండా చేపలే కనిపిస్తాయి, కానీ అన్నీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లే.

దీనికొక లెక్క ఉంది. మగవాటి సంఖ్యను ఆడవాటి సంఖ్యతో గుణించి, దాన్ని నాలుగింతలు చేసి, మొత్తం తల్లిదండ్రుల సంఖ్యతో భాగించాలి. 20 ఆడవి, 2 మగవి వాడితే వచ్చేది 7.3. హేచరీలో (చేపపిల్లలను పుట్టించే కేంద్రంలో) 22 చేపలున్నా వంశం లెక్కలో అవి ఏడింటితో సమానం. ఒక్క తరంలోనే దగ్గరి రక్తం కలవడం దాదాపు 7 శాతం పెరుగుతుంది. అదే 10 ఆడ, 10 మగ అయితే లెక్క 20కి వస్తుంది, పెరుగుదల 2.5 శాతం దగ్గర ఆగుతుంది. 50 జతలు వాడితే అర శాతమే. మగచేపలు తక్కువైనా ఫర్వాలేదు, పాలు (వీర్యం) సరిపోతాయి అనుకోవడమే ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. గుడ్లు ఫలదీకరణ కావడానికి ఆ పాలు సరిపోవచ్చు, వంశం నిలబడడానికి చాలవు.

దీనికి తోడు ఇంకో నష్టం ఉంది. త్వరగా పెరిగిన చేపలను అమ్మేసి, మిగిలిపోయిన వాటినే తల్లిచేపలుగా ఉంచుకునే హేచరీ, తనకు తెలియకుండానే నిదానంగా పెరిగే గుణాన్ని ఎంచుకుంటోంది. ఫలితం మెల్లగా బయటపడుతుంది. గుడ్లు తక్కువ పొదుగుతాయి, వెన్ను వంకర పిల్లలు కనిపిస్తాయి, ఒక్క జబ్బుకే చెరువంతా పోతుంది. చేయాల్సింది కష్టమేమీ కాదు. ఆడ, మగ సమానంగా వాడాలి. రేపటి తల్లిచేపలను ఒకే బ్యాచ్ నుంచి కాకుండా ప్రతి బ్యాచ్ నుంచి సమానంగా తీసి పక్కన పెట్టాలి. కొన్నేళ్లకోసారి సంబంధం లేని వేరే చోటు నుంచి అదే జాతి తల్లిచేపలు తేవాలి. ఏ రోజు ఏ తొట్టిలో ఎన్ని వాడారో రాసిపెట్టాలి.

అపోహ: బొచ్చె (కట్ల), రవ్వు కలిసి పుట్టినవి గొడ్డు చేపలు, వాటితో ముప్పు లేదు.

వాస్తవం: రెండింటికీ క్రోమోజోములు 50 చొప్పునే. సంకర పిల్లలు పెద్దవై మళ్లీ గుడ్లు పెడతాయి, మళ్లీ అటూ ఇటూ కలుస్తాయి. ఎక్కువగా ఇది కావాలని చేసేది కాదు, తొందరలో జరిగేది. గుడ్లు పెట్టించడానికి ఇంజక్షన్ చేసిన బొచ్చెనూ రవ్వునూ స్థలం లేక ఒకే గుండ్రటి తొట్టిలో వదులుతారు. గుడ్లు నీళ్లలోనే ఫలదీకరణ అవుతాయి కాబట్టి రవ్వు మగచేప పాలు బొచ్చె గుడ్లకూ చేరతాయి. ఒక తొట్టికి ఒకే జాతి ఉండాలి. జాతి మార్చేటప్పుడు నీరంతా వదిలి, కడిగి, వేరే నీరు పట్టాలి. గుడ్లు పట్టే వల కూడా మార్చాలి.

పెద్ద చేపను చేతిలోకి తీసుకుని చూస్తే కొంత తెలుస్తుంది. బొచ్చెకు తల పెద్దది, నోరు పైకి తిరిగి ఉంటుంది, మీసాలు ఉండవు. రవ్వు నోరు కిందికి ఉంటుంది, పెదవి అంచు కుచ్చులా ఉంటుంది, చిన్న మీసాలుంటాయి. మొదటి తరం సంకరం ఈ రెండిటికీ మధ్యస్థంగా కనిపిస్తుంది. అది తిరిగి బొచ్చెతో కలిసిన రెండో తరాన్ని మాత్రం ఎంత అనుభవమున్న కన్నూ పట్టలేదు. బొచ్చె పైనీటిలో, రవ్వు నడిమి నీటిలో మేస్తాయన్న లెక్కతోనే కదా రకాలు కలిపి వేసేది. సంకరం పెరిగే కొద్దీ ఆ లెక్కే తప్పుతుంది.

అపోహ: డీఎన్ఏ బార్‌కోడ్ చేయిస్తే స్వచ్ఛమైన జాతో కాదో తేలిపోతుంది.

వాస్తవం: బార్‌కోడ్‌లో చదివేది మైటోకాండ్రియాలోని సీఓఐ అనే జన్యువులో సుమారు 650 అక్షరాల ముక్క. అది తల్లి నుంచి మాత్రమే వస్తుంది. బొచ్చె తల్లికి, రవ్వు తండ్రికి పుట్టిన చేపను పంపితే రిపోర్టులో బొచ్చె అనే వస్తుంది. సంకరం తేలాలంటే కణకేంద్రకంలోని మైక్రోశాటిలైట్లు (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న డీఎన్ఏ ముక్కలు) లేదా ఎస్ఎన్పీలు (డీఎన్ఏలో ఒక్క అక్షరపు తేడాలు) చూడాలి. నమూనా కోసం చేపను చంపక్కర్లేదు. రెక్క అంచు నుంచి గోరంత ముక్క కత్తిరించి 95 శాతం ఇథనాల్లో వేస్తే చాలు. ఫార్మలిన్‌లో వేయొద్దు, అది డీఎన్ఏను పాడుచేస్తుంది. ఒక్కో చేపకు ఒక్కో సీసా పెట్టాలి, చేప మారినప్పుడల్లా కత్తెర తుడవాలి.

అపోహ: జయంతి రోహు జన్యుమార్పిడి చేప.

వాస్తవం: కాదు. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి చేపల పరిశోధనా సంస్థ (సీఫా) నార్వే శాస్త్రవేత్తలతో కలిసి 1992లో పని మొదలుపెట్టి, వేర్వేరు నదుల రవ్వులను సేకరించి, బాగా పెరిగే కుటుంబాలను తరం తర్వాత తరం ఎంచుకుంటూ తీసిన రకం అది. బయటి జన్యువేదీ అందులో పెట్టలేదు.

అపోహ: ఎండిన చెరువులో కొర్రమట్ట మట్టిలోంచి పుడుతుంది.

వాస్తవం: పుట్టదు, బతికి ఉంటుంది. మొప్పల పైన గాలి పీల్చే గది ఉండడం వల్ల తడి బురదలో నెలల తరబడి నిలవగలదు, వాన పడితే తడి నేల మీద పాక్కుంటూ పక్క కుంటకూ పోతుంది. పైకొచ్చి గాలి పీల్చకుండా అడ్డుకుంటే నీళ్లలోనే ఉక్కిరిబిక్కిరై చస్తుంది. తెలంగాణ రాష్ట్ర చేప కూడా ఇదే. ఎర్రటి పిల్లల గుంపు నీటిపై తేలుతుంటే కింద తల్లిదండ్రులు కాపలా ఉంటాయి. ఆ సమయంలో పెద్దదాన్ని పట్టేస్తే పిల్లలన్నీ పరాయి చేపల నోటికే.

అపోహ: మన దేశపు చేపే కదా, ఏ నదిలో వేసినా నష్టం లేదు.

వాస్తవం: ప్రపంచంలోని చేప జాతుల్లో దాదాపు సగం మంచినీటివి. ఆ నదులు, చెరువుల నీరు మాత్రం భూమ్మీది మొత్తం నీటిలో 0.01 శాతం. ఇంత కొంచెం నీటిలో ఇన్ని జాతులుండడానికి ప్రధాన కారణం నదులు ఒకదానితో ఒకటి కలవకపోవడం. ఒక నదిలోని చేప లక్షల ఏళ్లు పక్క నది చేపను కలవకపోతే రెండూ వేరు దారి పడతాయి.

కావేరిలో జరిగింది చూడండి. నీలిరెక్కల మహసీర్ మన కృష్ణా పరీవాహకానిది. 1839లో దాన్ని మొదట వర్ణించింది పుణె దగ్గరి ములా-ముఠా నది నుంచి. ఆ నీరు భీమాలో చేరి, అక్కడి నుంచి కృష్ణకు వస్తుంది. హేచరీలో పెంచిన ఈ చేపను కావేరిలో వదిలాక అదే అక్కడ పెరిగిపోయింది. కావేరిలో తప్ప ఎక్కడా లేని మూపురపు మహసీర్ అంతరించే దశకు చేరింది. దాని శాస్త్రీయ నామం టోర్ రెమదేవి అని తేలింది 2018లోనే, అప్పటికే చాలా ఆలస్యమైంది.

మన దగ్గర ఈ ప్రమాదం గొలుసుకట్టు చెరువుల వల్ల ఇంకా ఎక్కువ. అలుగు పారితే పై చెరువు చేప కింది చెరువుకు, అక్కడి నుంచి వాగుకు, మూసీకో డిండికో, చివరికి కృష్ణకు పోతుంది. ఒకసారి పోయినదాన్ని వెనక్కి పట్టే వల లేదు. నిషేధం ఉన్నా దొంగచాటుగా పెంచే ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ సంగతీ ఇదే. మన నాటు మార్పు చేప (దేశీ క్యాట్‌ఫిష్) అరకిలో దాటడమే అరుదు. ఆఫ్రికన్ రకం కిలోలకు కిలోలు పెరుగుతుంది, తోటి చేపలను మింగుతుంది, ఒంటి మీద బూడిద-నలుపు మచ్చలు మచ్చలుగా ఉంటుంది.

అపోహ: పరకలు, జెల్లలు కలుపు చేపలు, తీసేస్తేనే పెంపకం బాగుంటుంది.

వాస్తవం: ఇది నర్సరీ గుంటలకు చెప్పిన మాట. మీటరు లోతున్న హెక్టారు గుంటకు 2,500 కిలోల ఇప్పపిండి (ఇప్పగింజల నూనె తీశాక మిగిలే చెక్క) వేసి ఉన్న చేపలన్నిటినీ చంపి, ఆ విషం దిగాక పిల్లలు వేసే పద్ధతి ఊరి చెరువుకు పనికిరాదు. మనం పరక అనే ఒక్క పేరుతో పిలిచేవి నిజానికి కొన్ని జాతులు. మీసాలు లేకుండా వీపు రెక్క మొదట్లో, తోక మొదట్లో నల్ల చుక్క ఉన్నదొకటి. మొప్ప వెనకొక చుక్క, తోక దగ్గరొక చుక్క ఉన్న బుల్లిది ఇంకొకటి. నాలుగు మీసాలతో అరచేతికి మించి పెరిగేది వేరొకటి. వీటి పిల్లలను ఏ హేచరీ తయారు చేయదు, ఏ లారీ తేదు. అందుకే వేసవిలో చెరువు దించినప్పుడు తూము ముందు గుంతలో మోకాలి లోతు నీరైనా మిగల్చాలి, ఆఖరి వల ఆ గుంతలో వేయకూడదు.