మెత్తని పైపు ఎందుకు బిరుసెక్కింది?

చిన్నూకీ, బుజ్జికీ తాత ఆశీస్సులు.

ఉగాదికి తాడిపత్రి వచ్చినప్పుడు చిన్నూ ఒక మాట అడిగాడు. "బోరు పైపూ పీవీసీ అనే ప్లాస్టిక్కే, చెట్లకు నీళ్లు పట్టే పచ్చ పైపూ పీవీసీనే అంటావు. మరి ఇది వంగదు, అది చుట్ట చుట్టుకుంటుంది. ఎందుకు తాతా?" చుట్టాల సందడిలో సగమే చెప్పాను. మిగతాది ఇప్పుడు రాస్తున్నా.

ఆ రోజు అవ్వ ఓళిగలకు పిండి కలపడం చూశారు కదా. ఉత్త నీళ్లతో కలిపిన పిండిని లాగితే తెగిపోతుంది. అందుకే అవ్వ దండిగా నూనె పోసి, పిసికి, గంటల తరబడి నానబెడుతుంది. అప్పుడది పల్చగా సాగి పూర్ణాన్ని పట్టుకుంటుంది. పీవీసీ కూడా అంతే. అది పుట్టుకతో గట్టిది. దాని పొడవాటి అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని కదలవు. వాటి నడుమకు రంగు లేని, నూనెలాంటి ద్రవం చేరితే అవి జరుగుతాయి, పైపు మెత్తబడుతుంది. ఇలాంటి ద్రవాల్లో ఒక రకమే థాలేట్లు. ఎన్నో ఏళ్లు అందరూ ఎక్కువగా వాడింది డీఈహెచ్‌పీ అనే థాలేటు. మెత్తని పీవీసీ బరువులో 30, 40 శాతం దాకా ఇలాంటి ద్రవమే ఉండొచ్చు. 1926లో అమెరికాలో వాల్డో సెమన్ రబ్బరును లోహానికి అంటించే జిగురు కోసం వెతుకుతూ పీవీసీని మెత్తబరిచే దారి కనుక్కున్నాడు.

మళ్లీ ఓళిగ దగ్గరికే రండి. వేడి ఓళిగను కాగితం మీద పెడితే కాగితానికి నూనె దిగుతుంది. ఎందుకంటే నూనె పిండిలో ఉంటుంది గానీ దానికి అతుక్కుపోదు. థాలేటు కూడా పీవీసీ నడుమ నిలబడి ఉంటుంది, అంతే. వేడి తగిలితే, ఏళ్లు గడిస్తే మెల్లగా బయటికి వస్తుంది. మన ఎండలు 40 డిగ్రీలు దాటేవి! మిద్దె మీద వదిలేసిన పైపు బిరుసెక్కి పగిలింది అందుకే. ఎండ పీవీసీని కూడా దెబ్బతీసిందనుకోండి. థాలేటు నీళ్లలో పెద్దగా కరగదు. నూనె, నెయ్యి, కొవ్వు తగిలితే మాత్రం బాగా దిగుతుంది.

నా చిన్నప్పుడు మా నాయన చెనక్కాయలు ఒలిపించి గానుగకు తీసుకుపోయేవాడు. ఎద్దు చుట్టూ తిరుగుతుంటే కొత్త నూనె వాసన వీధంతా కమ్మేది. ఇత్తడి బిందెలో నింపుకుని, గుడ్డ కట్టి, బండిలో ఇంటికి తెచ్చేవాళ్లం. ఈ మధ్య ఒక చోట డ్రమ్ములోని నూనెను మెత్తని ప్లాస్టిక్ గొట్టంతో వంచుతుంటే చూసి మనసు నొచ్చుకుంది. నీళ్ల పైపుతో నూనె పట్టకూడదు నాయనా.

థాలేటు కడుపులోకి పోతే ఒళ్లు ఊరుకోదు. పేగులూ కాలేయమూ దాన్ని విడగొడతాయి, ఒకటి రెండు రోజుల్లో చాలావరకు మూత్రంలో పోతుంది. అయితే తిండితో, దుమ్ముతో రోజూ కాస్త వస్తూనే ఉంటుంది. కడుపుతో ఉన్న ఎలుకలకు ఎక్కువ మోతాదులో ఇస్తే, పుట్టిన మగపిల్లల్లో మగ హార్మోను తగ్గి అవయవాలు సరిగా ఎదగలేదు. మనుషుల్లో అంత స్పష్టంగా తేలలేదు. కానీ చంటిపిల్లలు బొమ్మలను నోట్లో పెట్టుకుంటారు. అందుకే యూరప్ 1999లో తాత్కాలికంగానూ, 2005లో శాశ్వతంగానూ బొమ్మల్లో కొన్ని థాలేట్లకు అడ్డుకట్ట వేసింది. బరువులో 0.1 శాతం మించకూడదు. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. తిరునాళ్లలో కొనేటప్పుడు కూడా ఆ గుర్తు వెతకండి.

ఇక ఒక వింత వినండి. ఆసుపత్రిలో రక్తం నింపే సంచులు చాలావాటిని మెత్తబరిచింది కూడా ఈ డీఈహెచ్‌పీనే. అది సంచిలోంచి రక్తంలోకి దిగుతుంది. దిగి, ఎర్రకణాల పొరల్లో చేరి, అవి పగిలిపోకుండా కాస్తుంది! ఎర్రకణాలను తగిన ద్రావణంలో కలిపి, చల్లగా ఉంచితే 42 రోజుల దాకా నిల్వ చేయగలుగుతున్నారంటే అందులో దీని సాయమూ ఉంది. బొమ్మలో వద్దనుకున్నది అక్కడ ప్రాణాలకు అక్కరకొచ్చింది. ఎన్నిసార్లు తలచుకున్నా నాకు ఆశ్చర్యమే.

ఇప్పుడు మీకో పని. ఇంట్లో ప్లాస్టిక్ సామాన్లను బోర్లించి అడుగున చూడండి. చిన్న త్రికోణంలో ఒక అంకె ఉంటుంది, కొన్నిటికి ఉండదు. 3 అంటే పీవీసీ. వాటిలో వేడి పులుసు, నెయ్యి, ఊరగాయ పెట్టొద్దని అమ్మకు చెప్పండి. బుజ్జీ, తమ్ముడు కొరికే పాత బాతు బొమ్మను కూడా చూడు. దేనికి ఏ అంకె ఉందో రాసి నాకు పంపండి.

ఇట్లు,
మీ తాత